సదుపాయాలు లేవని చెప్పే ముందు

విశాఖపట్నం నగరంలోని ప్రభుత్వ, నగరపాలక, ప్రైవేటు పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊళ్లోనే సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసి 2019లో పదవీ విరమణ చేశాను. మీలో కొందరితో కలిసి శిక్షణ తరగతుల్లో కూర్చున్నాను, జనాభా లెక్కలకు వీధులు తిరిగాను. అందుకని, వైకల్యం ఉన్న పిల్లల్ని బడిలో చేర్చుకోవడం గురించి రాస్తున్న ఈ ఉత్తరాన్ని బయటివాళ్ల ఫిర్యాదుగా కాక, మీలో ఒకరి మాటగా చదవమని కోరుతున్నాను.

మూడేళ్ల కిందట మా అమ్మాయి తన కొడుకును ఒకటో తరగతిలో చేర్చడానికి మధురవాడ నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఆరు బళ్లు తిరిగింది. నా మనవడికి ఆటిజం. మాటలు తక్కువ, చూపు నిలపడు, పెద్ద చప్పుడైతే చెవులు మూసుకుంటాడు. మూడు బళ్లకు నేనూ వెంట వెళ్లాను. ఎవరూ కసురుకోలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఒకచోట ప్రిన్సిపాల్ గారు బిడ్డ తల నిమిరారు కూడా. చివరికి అందరూ అన్నది ఒక్కటే మాట: "మా దగ్గర ఇలాంటి పిల్లలకు సదుపాయాలు లేవమ్మా. ఉన్నచోట చేర్పించండి, బాబుకే మంచిది."

మొదటి బడిలో విన్నప్పుడు నిజమే కాబోలు అనుకున్నాం. ఆరో బడిలో విన్నాక, ఇంటికి వచ్చే ఆటోలో మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "అమ్మా, వీడికి ఏం కావాలని ఒక్కరైనా అడిగారా?" నిజమే, ఎవరూ అడగలేదు. వాడికి ఏం కావాలో తెలుసుకోకుండానే అది తమ దగ్గర లేదని ఆరుగురూ ఎలా చెప్పగలిగారో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

వాడికి ఏం కావాలో నేను చెబుతాను. గంట కొట్టే చోటికి దూరంగా, గోడ పక్కన ఒక సీటు. ఈ రోజు ఏ పాఠం తరువాత ఏ పాఠమో బొమ్మలతో చూపించే ఒక అట్ట. ఒకేసారి మూడు పనులు చెప్పకుండా ఒక్కొక్కటిగా చెప్పే టీచరు. చెవులు మూసుకున్నప్పుడు అయిదు నిమిషాలు వరండాలో నిలబడే అనుమతి. ఆటస్థలానికి వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకునే ఒక స్నేహితుడు. ఇంతే. వీటిలో డబ్బుతో కొనవలసింది అట్ట ఒక్కటే.

ఈ జాబితా వాణ్ని చేర్చుకోకముందు మాకైనా పూర్తిగా తెలియదు. ఏడో బడిలో చేరిన తరువాత, రెండు నెలల పాటు వాడి టీచరూ మేమూ కలిసి ఒక్కొక్కటే కనిపెట్టాం. అందుకే మీకు ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇది: బిడ్డ వచ్చాకే ఏ సదుపాయం కావాలో తెలుస్తుంది. ముందు సదుపాయాలు వస్తాయి, ఆ తరువాత పిల్లల్ని తీసుకుంటాం అని కూర్చుంటే ఆ పిల్లలు ఎప్పటికీ రారు. రాని పిల్లల కోసం ఎవరూ ఏమీ కట్టరు. ఈ చక్రం ఎక్కడో ఒకచోట ఆగాలి. అది ఆగవలసిన చోటు మీ గది, అడ్మిషన్ ఫారం ఇచ్చే మీ బల్ల.

చట్టం కూడా ఈ వరసలోనే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 16వ సెక్షన్ ఒక్కసారి తీసి చూడండి. ప్రభుత్వం నిధులిచ్చే బళ్లే కాదు, గుర్తింపునిచ్చే బళ్లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. మీ ప్రైవేటు బడికి గుర్తింపు పత్రం ఉంటే ఆ సెక్షన్ మీదే. అక్కడ మొట్టమొదటి మాట, వివక్ష లేకుండా చేర్చుకోవడం. ఆ తరువాతే భవనం, ఆ తరువాతే ఒక్కొక్క బిడ్డ అవసరాన్ని బట్టి సహేతుకమైన సర్దుబాటు. 'అవసరాన్ని బట్టి' అన్నారంటేనే ఆ బిడ్డ మీ ఎదుట ఉండాలి కదా. సర్దుబాటు అన్నది మోయలేని భారం కాకూడదని కూడా చట్టమే చెబుతోంది. గోడ పక్క సీటు ఏ బడికీ మోయలేని భారం కాదు.

విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బడిలో చేర్చుకోవడానికి బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని దాని 13వ సెక్షన్. మీరు 'ఇంటరాక్షన్' అని పేరు పెట్టి అయిదేళ్ల పిల్లవాణ్ని రంగులు చెప్పమని, అంకెలు చెప్పమని అడిగి, చెప్పకపోతే ఫారం వెనక్కి ఇచ్చేది పరీక్ష కాక మరేమిటి? మా మనవణ్ని ఒక బడిలో అలాగే అడిగారు. కొత్త గది, కొత్త మనుషులు, తలపైన గరగరమనే ఫ్యాను. వాడు నోరు విప్పలేదు. అదే సాయంత్రం వాడు ఇంటి ముందు నిలబడి, కొత్తవలస నుంచి ఆర్కే బీచ్‌కు వెళ్లే 28కె బస్సు బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటీ చదివాడు. వాడికి అక్షరాలు నేర్పింది బస్సు బోర్డులే. వాడికి ఏమీ రాదని ఆ బడి తన రిజిస్టరులో రాసుకుంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే మీకు బుద్ధులు చెప్పే అర్హత నాకు లేదు.

1993లో నేను చేపల రేవుకు దగ్గర్లోని ఒక బడిలో మూడో తరగతి చెప్పేదాన్ని. అరవై మంది పిల్లలు. వాళ్లలో తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు. నల్లబల్ల మీద రాసింది ముత్యాల్లాంటి అక్షరాలతో దింపేవాడు. ఉక్తలేఖనం చెబితే మాత్రం పలక ఖాళీ. పక్కవాడి పలకలోకి చూసేవాడు. కాపీ కొడుతున్నాడని తిట్టాను. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. పొగరనుకున్నాను. వెనక బెంచీకి పంపాను. దసరా సెలవుల తరువాత వాడు రాలేదు. నేను వాడి కోసం ఎవరినీ అడగలేదు. అరవై మంది యాభై తొమ్మిది మంది అయితే టీచరుకు కలిగే చిన్న ఊరట ఉంటుందే, అది నాకూ కలిగింది.

చాలా ఏళ్ల తరువాత ఒక శిక్షణ తరగతిలో వినికిడి లోపం గురించి చెబుతూ, చూసి రాసేది బాగా రాసి, విని రాసేది రాయలేని పిల్లలుంటే ముందు చెవులు చూడండి అన్నారు. నాకు కూర్చున్నచోట చెమట పట్టింది. ఆ పిల్లవాడు వినలేక నా పెదవులు చూడాలనుకుంటే, నేను వాణ్ని నా ముఖం కనిపించని వెనక బెంచీలో పడేశాను. ముందు బెంచీ ఇచ్చి ఉంటే నాకు పైసా ఖర్చయ్యేది కాదు. 2006లో అనుకుంటాను, రేవులో చేపలు కొంటుంటే ఐసు గంప మోస్తున్న ఒక యువకుడు నన్ను చూసి ఆగాడు. గంప దించి, రెండు చేతులూ జోడించాడు. వాడే. నేను ఏదో అడిగాను. వాడు నా పెదవుల వైపు చూస్తూ నవ్వాడు. ఇంక నాకు మాట రాలేదు.

ఆనాడు నాకు శిక్షణ లేదు, చట్టం లేదు, చెప్పేవాళ్లు లేరు. వికలాంగులకు సమాన అవకాశాల తొలి చట్టం 1995లో వచ్చింది. ఇవన్నీ నిజమే, కానీ నేను వాణ్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్నది అంతకంటే నిజం. ఈ రోజు మీకు చట్టం ఉంది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) లాంటి అభ్యసన లోపాలు, తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తవ్యాధులు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి 'ఇలాంటి పిల్లలు మా బడిలో లేరు' అని చెప్పే ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం: ఉన్నారు, మీరు చూడలేదు. చదవమంటే కడుపు నొప్పి అనే పిల్లవాడు, నోటితో చెప్పేది రాయమంటే తడబడే పిల్ల, బోర్డుకు దగ్గరగా జరిగి జరిగి తిట్లు తినే పిల్ల, వాళ్లంతా ఇప్పుడే మీ తరగతుల్లో ఉన్నారు. జాతీయ విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 'ప్రశస్త్' అనే యాప్ తెచ్చింది. తరగతి టీచరే కొన్ని ప్రశ్నలకు జవాబులిస్తూ ఏ బిడ్డను నిపుణులకు చూపించాలో తెలుసుకోవచ్చు. అది రోగనిర్ధారణ కాదు, కానీ నేను చెయ్యలేకపోయిన ఆ మొదటి పని అది చేయిస్తుంది.

అలాగని నేను చేసినవన్నీ తప్పులే కావు, చూసినవన్నీ చేదువే కావు. 2000 తరువాత మరో బడిలో మాకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల ఒళ్లు అదుపులో కదలని స్థితి) ఉన్న ఒక అమ్మాయి వచ్చింది. ఇల్లు కొండవాలులో. విశాఖలో కొండ మీది ఇళ్లంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, నీళ్ల బిందె నుంచి గ్యాసు బండ దాకా అన్నీ భుజాల మీదే ఎక్కాలి. ఆ పిల్లను వాళ్లన్న రోజూ వీపు మీద ఎక్కించుకుని ఎనభై మెట్లు దించి బడికి తెచ్చేవాడు. అంత దూరం మోసుకొచ్చినవాడికి మా బడి పద్నాలుగు మెట్లు అడ్డమొచ్చాయి. అయిదో తరగతి మేడ మీద ఉండేది. మా ప్రధానోపాధ్యాయురాలు రెండు రోజులు చూశారు. మూడో రోజు ప్రార్థన అయ్యాక, అయిదో తరగతి కిందికి, రెండో తరగతి పైకి అన్నారు. పిల్లలు ఎవరి బెంచీ వాళ్లు మోసుకున్నారు. ఒక్క పీరియడులో పని అయిపోయింది. అర్జీ లేదు, నిధులు లేవు, పై అధికారుల అనుమతి లేదు. ఆ అమ్మాయి పదో తరగతి పాసయింది.

ఆ పీరియడు నాకు తరచూ గుర్తుకొస్తుంది. ఆ బడిలో ర్యాంపు వచ్చింది చాలా ఏళ్లకు. గది మారింది మాత్రం ఒక్క పూటలో.

ర్యాంపుల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పనివ్వండి. ఎన్నికల విధులకు వెళ్లిన ప్రతిసారీ కొత్త బడిని చూసేదాన్ని. పోలింగ్ కేంద్రానికి ర్యాంపు ఉండాలన్నది నియమం, మన బళ్లే పోలింగ్ కేంద్రాలు. అందువల్ల చాలా బళ్లలో ర్యాంపు కనిపిస్తుంది. కానీ దాని వాలు ఎవరైనా కొలిచారా? ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అరుగు రెండడుగుల ఎత్తు ఉంటే ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు సాగాలి. ఒక బడిలో టేపు పెట్టి కొలిచాను. అరుగు రెండడుగులు, ర్యాంపు ఆరడుగులు. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ దాని మీద సొంతంగా ఎక్కలేడు, దిగితే జారిపోతాడు. పైకి ఎక్కిన చోట గుమ్మానికి అడ్డంగా పూలకుండీలు. పక్కనే ప్రత్యేక అవసరాల పిల్లల మరుగుదొడ్డి అని నీలం రంగు బోర్డు, తలుపుకు తాళం, లోపల చీపుళ్లు, బకెట్లు. 2019లో ప్రభుత్వ బళ్ల బాగు కోసం మొదలైన నాడు-నేడు పనుల్లో ఎన్నో బళ్లకు మంచి మరుగుదొడ్లు, నీళ్లు వచ్చాయి, అది నేను కళ్లారా చూశాను, మెచ్చుకుంటాను. వచ్చినవాటికి తాళం తీయడం మాత్రం మీ చేతిలోని పని. ఈ సౌకర్యాలు ఇష్టమైతే చేసే మేలు కాదని, తప్పనిసరి ప్రమాణాలు ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో తేల్చి చెప్పింది. మీ బడి ర్యాంపు ఒక్కసారి కొలవండి. టేపు ఏ లెక్కల మాస్టారి దగ్గరైనా ఉంటుంది. ఆరో తరగతి పిల్లలకు నిష్పత్తి పాఠం కూడా అయిపోతుంది.

ఇప్పుడు మీ కష్టాల గురించి. వాటిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు.

నలభై మంది ఉన్న తరగతిలో ఒక బిడ్డ లేచి పరుగెత్తితే టీచరు ఏం చెయ్యాలి? మిగతా ముప్పై తొమ్మిది మంది సంగతేమిటి? ఈ ప్రశ్న న్యాయమైనది. టీచరు ఒంటరిగా మొయ్యలేదు, మొయ్యమనకూడదు. ప్రత్యేక ఉపాధ్యాయులు కావాలి. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో ఈ మాటే చెప్పింది. ఆ తరువాత కేంద్రం 2022లో విద్యా హక్కు చట్టం షెడ్యూలును సవరించింది. ఒకటి నుంచి అయిదు తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆరు నుంచి ఎనిమిది దాకా పదిహేను మందికి ఒకరు ఉండాలి. మన రాష్ట్రం 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. వాటిలో 1,136 సెకండరీ గ్రేడ్, 1,124 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. అయితే పదిమందికి ఒకరు అన్న లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? మీ హాజరుపట్టీ నుంచి. మీరు చేర్చుకోని బిడ్డ ఏ లెక్కలోనూ ఉండడు. ఆ బిడ్డ పేరున రావలసిన టీచరూ రాడు. టీచరు లేడు కాబట్టి చేర్చుకోం అనడం ఎంత తప్పుడు వరసో చూడండి.

ఈలోగా సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ఇలాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చే భవిత కేంద్రాలు, వాటిలో ఒప్పంద పద్ధతిలో పనిచేసే ఐఈఆర్‌టీలు, అంటే ఈ పిల్లల కోసం ఉన్న రిసోర్స్ టీచర్లు, ఉన్నారు. నేను చూసినంతలో వాళ్లు చాలా మంచి మనుషులు. చాలీచాలని జీతంతో, ఇంటింటికీ తిరిగి, మంచాన పడ్డ పిల్లల చేత అక్షరాలు పలికిస్తారు. మీ బడికి వాళ్లు ఎన్నిసార్లు వచ్చారు? వస్తే మీరు వాళ్లను తరగతి టీచరు పక్కన కూర్చోబెట్టారా, లేక సంతకం పెట్టించి పంపేశారా? కొన్నిచోట్ల పిల్లల్ని పేరుకు బడిలో రాసి, రోజూ భవిత కేంద్రానికే పంపుతున్నారు. భవిత కేంద్రం బడికి సాయం, బడికి బదులు కాదు. అక్కడ మాట నేర్చుకున్న బిడ్డ ఆ మాట ఎవరితో ఆడాలి? తోటి పిల్లలున్న తరగతిలోనే కదా.

అలాగే ఇంటి దగ్గర చదువు. తీవ్రమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువు ఎంచుకోవచ్చని 2012లో విద్యా హక్కు చట్టానికి చేసిన సవరణ చెబుతోంది. ఎంచుకునేది బిడ్డ కుటుంబం. బడి ఎంచి పంపేది కాదు. ప్రత్యేక పాఠశాలల సంగతీ అంతే. వాటిని నేను గౌరవిస్తాను. బ్రెయిలీ, సంకేత భాష బాగా నేర్పగల బడి ఉంటే ఆ పిల్లలకు అది వరమే. నలభై శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పొరుగున ఉన్న బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ఇచ్చింది. తమకు నచ్చిన బడి అన్నారు, మీకు నచ్చిన బడి అనలేదు.

ప్రైవేటు యాజమాన్యాలతో విడిగా ఒక మాట. ఒక బడి మా అమ్మాయితో, "షాడో టీచర్‌ను పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోండి, అప్పుడు చూద్దాం" అంది. షాడో టీచర్ అంటే తరగతిలో బిడ్డ పక్కనే ఉండి చూసుకునే మనిషి. నెలకు పదిహేను వేలు. ఫీజు దీనికి అదనం. మా అల్లుడిది చిన్న ఉద్యోగం. ఆ పదిహేను వేలు లేని ఇంట్లో పుట్టడం వల్ల బిడ్డ బడికి దూరం కావాలా? ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకు, గాజువాకలో తోపుడు బండి నడిపేవాళ్ల బిడ్డకు ఆ మాట చెబితే తలుపు మూసినట్టే. తోడుగా ఒక ఆయా కావాలంటే ఆమెను నియమించుకోవలసింది బడి. ఒకే ఆయా నలుగురు పిల్లలను చూసుకోగలదు. మీరు ఏటా ర్యాంకుల ఫ్లెక్సీలకు, వార్షికోత్సవ వేదికలకు పెట్టే ఖర్చులో ఆ జీతం ఎంత భాగమో మీకే తెలుసు.

చేర్చుకున్నాక మెల్లగా బయటికి పంపే పద్ధతి ఇంకొకటి ఉంది. వారానికి రెండుసార్లు ఫోను చేసి "వచ్చి తీసుకెళ్లండి" అంటారు. విహారయాత్రకు వద్దంటారు. వార్షికోత్సవం రోజు సెలవు తీసుకోమంటారు. పరీక్షల నాడు ఇంట్లో ఉంచమంటారు. చివరికి ఆ తల్లే విసిగి టీసీ అడుగుతుంది, బడి రికార్డులో మాత్రం తల్లిదండ్రుల కోరికపై అని పడుతుంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసివేయకూడదని విద్యా హక్కు చట్టం చెప్పింది. ఇలా తీసివేయడం దాని కంటే ఏ రకంగానూ మెరుగైనది కాదు. బిడ్డకు రోజుకొక అవమానం ఎక్కువ, అంతే.

తోటి పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని మీరంటారు. కొందరు ఒప్పుకోరు, నిజమే. మా మనవడు చేరిన బడిలో కూడా ఇద్దరు వచ్చి అభ్యంతరం చెప్పారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు నలభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. ఆయన వాళ్లను శుక్రవారం మధ్యాహ్నం వచ్చి తరగతి వెనక గంటసేపు కూర్చోమన్నారు. వాళ్లు కూర్చున్నారు. ఆ గంటలో మావాడు రెండుసార్లు లేచాడు, ఒకసారి వరండాలోకి వెళ్లి వచ్చాడు. తక్కిన పిల్లలు తల కూడా ఎత్తలేదు. వాళ్లకది మామూలైపోయింది. టీచరమ్మ బస్సు నంబర్లతో కూడికలు చెప్పించింది. ఆరో నంబరు బస్సూ ఇరవై ఎనిమిదో నంబరు బస్సూ కలిస్తే ఎంత అంటే, అందరికంటే ముందు మావాడు ముప్పై నాలుగు అన్నాడు. ఆ తల్లిదండ్రుల్లో ఒకాయన కూతురే ఇప్పుడు ఆటస్థలానికి మావాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. మీరు ధైర్యంగా నిలబడితే తల్లిదండ్రులు వింటారు. మీరే వాళ్ల భయాన్ని సాకుగా పట్టుకుంటే ఆ భయం పెరుగుతుంది.

ఆ బడి పెద్దదేమీ కాదు. రేకుల షెడ్డులో రెండు తరగతులు నడుస్తాయి. వాళ్ల దగ్గరా సదుపాయాలు లేవు. మొదటి రోజు ఆ ప్రధానోపాధ్యాయుడు మా అమ్మాయితో అన్నది నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది: "మాకు దీని గురించి ఏమీ తెలియదమ్మా. బాబును వదిలి వెళ్లండి. నేర్చుకుంటాం." మా అమ్మాయి ఆ రోజు గేటు బయట నిలబడి చాలాసేపు ఏడ్చింది. ఆరు బళ్లలో ఏడవని పిల్ల అక్కడ ఏడ్చింది.

పెద్ద తరగతుల గురించి కూడా ఒక్క విషయం. పరీక్షలో ఎక్కువ సమయం, రాసిపెట్టే సహాయకుడు అడిగితే చాలాచోట్ల సదరం, అంటే వైకల్యం శాతాన్ని తెలిపే ప్రభుత్వ ధ్రువపత్రంలో, ఎంత శాతం ఉందని మొదట అడుగుతారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, నలభై శాతం వైకల్యం లేకపోయినా చేతితో రాయలేని స్థితి ఉంటే సహాయకుణ్ని ఇవ్వాలని చెప్పింది. మీ బడిలోని త్రైమాసిక పరీక్షలకు ఆ పద్ధతి ఇప్పుడే మొదలుపెడితే, పదో తరగతికి వచ్చేసరికి బిడ్డకూ అలవాటవుతుంది, మీకూ కాగితాలు సిద్ధంగా ఉంటాయి. ఇక బడిలో చేర్చుకోవడానికైతే ఆ ధ్రువపత్రం షరతే కాదు. దాని స్లాటు కోసం, శిబిరం కోసం కుటుంబం తిరుగుతున్న నెలల్లో బిడ్డ మీ తరగతిలో ఉండవచ్చు, ఉండాలి.

జూన్‌లో బళ్లు తెరుస్తారు. ఈసారి కూడా మీ గది ముందు ఎవరో ఒక తల్లి నిలబడుతుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఆసుపత్రి కాగితాలు, థెరపీ రిపోర్టులు, ఎన్నోసార్లు మడిచి విప్పిన సర్టిఫికెట్లు. పక్కన ఆమె బిడ్డ, బహుశా మీ బల్ల మీది గంటనో పేపర్‌వెయిట్‌నో తాకుతూ ఉంటాడు. తాకనివ్వండి. ఆ కాగితాలు తరువాత చూడవచ్చు. ముందు, "బాబుకు ఏం ఇష్టం? దేనికి భయపడతాడు? మా నుంచి ఏం కావాలి?" అని అడగండి. ఆమె ఎన్ని గదుల ముందు నిలబడి వచ్చిందో మీకు తెలియదు, ఆ మూడు ప్రశ్నలు ఆమెను ఎవరూ అడిగి ఉండరు. తరువాత ఫారం ఇవ్వండి.

భయంగా ఉంటే నన్ను పిలవండి. నాకు స్పెషల్ ఎడ్యుకేషన్ డిగ్రీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ల తరగతి గది అనుభవం, మా మనవడితో మూడేళ్లు, రేవు దగ్గర బడిలో చేసిన ఒక తప్పు ఉన్నాయి. ఈ ఏడాది అలాంటి బిడ్డను కొత్తగా చేర్చుకున్న బడి ఏదైనా సరే, భీమిలి వైపుదైనా అగనంపూడి వైపుదైనా, జీతం లేకుండా మొదటి నెల రోజులు ఉదయం పూట వచ్చి తరగతిలో కూర్చుంటాను. బిడ్డను చూసుకుంటాను, టీచరుకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాను, సాయంత్రం ఇద్దరం కలిసి రేపటి అట్ట రాసుకుంటాం. నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు మరో నలుగురు, మా వీధి వాళ్లే, వస్తామన్నారు. గోపాలపట్నం నుంచి మొదటి బస్సు నాకు సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు
గోపాలపట్నం, విశాఖపట్నం